ఎడారి జంతువుల నీటి పద్దు

సూరత్‌లో డిండోలి, లింబాయత్ వైపు మరమగ్గాల పని మీద వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లకు ఎండ కొత్తేమీ కాదు. తెలంగాణ వేసవులు చూసి వచ్చినవాళ్లే. అయినా సూరత్ ఎండ తీరు వేరు. ఊళ్లో తాపీ నది, దగ్గర్లోనే సముద్రం. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, బనీను ఒంటికి అతుక్కుపోతుంది. అదే గుజరాత్‌లో అహ్మదాబాద్ దాటి ధ్రాంగధ్ర వైపు వెళితే చిన్న రణ్ వస్తుంది. పగుళ్లు తేలిన ఉప్పు నేల, చూపు మేర నీడ ఉండదు. అక్కడ చెమట పట్టిన సంగతే తెలియదు, అంత తొందరగా ఆరిపోతుంది. ఆరిన చెమట ఒంటిని చల్లబరుస్తుంది కదా, ఆ లెక్కన రణ్ ఎండే నయం అనిపించవచ్చు. కానీ ఆ చల్లదనానికి ధర నీళ్లతో కట్టాలి. లీటరు చెమట ఆవిరైతే ఒంట్లోంచి సుమారు 580 కిలోకేలరీల వేడి పోతుంది. మరి పోయిన లీటరును రణ్‌లో ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? ఎడారి జంతువును బతికించేది ఎండకు ఓర్చుకునే మొండితనమని మనం అనుకుంటాం. నీళ్లను ఎప్పుడు ఖర్చు పెట్టాలో, ఎప్పుడు బిగబట్టాలో తెలిసిన పొదుపే అసలు బలమని ఆధారాలు చెబుతున్నాయి.

పొదుపు అనగానే ఒంటె మూపురం గుర్తొస్తుంది. అందులో నీళ్లుంటాయని ఇప్పటికీ చాలామంది నమ్మకం. ఉండేది కొవ్వు. ఒంటె అసలు కిటుకు 1953–54లో అల్జీరియాలోని బెనీ అబ్బెస్‌లో క్నూట్ ష్మిట్-నీల్సన్ బృందం చేసిన పరిశీలనల్లో బయటపడింది. కడుపునిండా నీళ్లు తాగే ఒంటెకు ఒంటి వేడి రోజంతా రెండు డిగ్రీలకు మించి అటూ ఇటూ కాదు. నీళ్లు ఆపితే మాత్రం తెల్లవారుజామున 34 డిగ్రీలకు దిగి, మధ్యాహ్నానికి 40 దాటుతుంది. మనకైతే దాన్ని జ్వరమంటాం. ఒంటె మాత్రం చెమట పోయకుండా పగటి వేడిని ఒంట్లోనే జమ వేసుకుని, రాత్రి చల్లగాలికి పైసా ఖర్చు లేకుండా వదిలేస్తుంది. 500 కిలోల ఒంటెకు ఆ ఆరు డిగ్రీల వల్ల నాలుగు లీటర్లకు పైగా నీరు మిగులుతుంది, అదీ ఒక్క పగటిలో. బొచ్చు కూడా ఈ పద్దులో ఒక పొదుపే. కత్తిరించి చూస్తే నీటి ఖర్చు ఇంచుమించు ఒకటిన్నర రెట్లయింది. ఎండాకాలంలో ఉన్ని కంబళి కప్పుకున్నవాణ్ణి చూసి నవ్వుతాం గానీ, బయటి వేడి లోపలికి రాకుండా ఆపేది కూడా కంబళే.

మొండితనం లేకుండానే ఇదంతా సాధ్యమా అని అడగవచ్చు. ఒంటె తన బరువులో పావు వంతు మేర నీరు పోగొట్టుకుని కూడా నడుస్తుంది. తీవ్రమైన ఎండలో మనిషికి అందులో సగం పోయినా ప్రాణం మీదికొస్తుంది. నిజమే, ఓర్పు ఉంది. కానీ అదే బృందం గాడిదనూ పరీక్షించింది. గాడిద 30 శాతం దాకా ఎండిపోయినా తట్టుకుంది. నీళ్లు పెడితే కొద్ది నిమిషాల్లోనే ఆ లోటు తీర్చేసుకుంది. అంటే ఓర్పులో గాడిద ఒంటెకు ఏమీ తీసిపోదు. తేడా అంతా ఖర్చులో ఉంది. గాడిద ఒంట్లోంచి నీరు ఒంటె కంటే సుమారు మూడు రెట్ల వేగంతో పోతుంది. అందుకే అది బావికి దూరంగా ఎన్నో రోజులు మనలేదు. చిన్న రణ్‌లో గుజరాతీలు ఘుడ్‌ఖర్ అని పిలిచే అడవి గాడిద ఈ పెంపుడు గాడిద బంధువే. తెల్లవారుజామునా సాయంత్రమూ మేస్తుంది, సర్కారు తుమ్మ కాయలు కూడా వదలదు. వానాకాలంలో రణ్ మునిగితే ‘బేట్’ అనే మెరకలు ఎక్కుతుంది. 1960లలో రోగాలు దాన్ని దాదాపు తుడిచిపెట్టేశాయి. 2020 లెక్కల్లో 6,082, 2024లో 7,672 తేలాయి. ఒకప్పుడు దాన్ని అంతం చేయబోయింది ఎండ కాదు, రోగమే.

చిన్న జంతువుల పద్దు ఇంకా బిగుతు. ఎలుకంత ప్రాణికి వేడిని ఒంట్లో జమ వేసుకునే వీలు లేదు, ఒంట్లో చోటెక్కడిది? అందుకే మట్టిలోకి దిగుతుంది. అమెరికా ఎడారుల్లోని కంగారూ ఎలుక గుక్కెడు నీళ్లు తాగకుండా బతుకు వెళ్లదీస్తుంది. 100 గ్రాముల బార్లీ గింజలు ఒంట్లో అరిగితే 54 గ్రాముల నీరు తయారవుతుంది. చిక్కటి మూత్రం, చెమ్మ నిలిచే బొరియ, చల్లబడి బయటికి వచ్చే ఊపిరి, ఈ మూడూ ఆ నీటిని కాపాడతాయి. పోలంక పిట్ట దారి మరోలా ఉంటుంది. పిల్లలు నీటి దాకా ఎగరలేవు, అందుకని మగపిట్ట నీళ్లలో పొట్ట ఆనించి కూర్చుంటుంది. పొట్ట మీది ఈకలు స్పాంజిలా పీల్చుకున్న తడితో పిల్లల దగ్గరికి ఎగిరొస్తుంది. పిల్లలు ఆ ఈకల్ని ముక్కులతో చీకి దాహం తీర్చుకుంటాయి. కన్నబిడ్డల కోసం ఒళ్లు తడుపుకోవడం అంటే ఇదే.

మరి మనిషి కూడా కొద్ది కొద్దిగా నీళ్లు తగ్గించుకుంటూ ఒంటిని అలవాటు చేసుకోలేడా? ఈ నమ్మకం కార్ఖానాల్లో, పొలాల్లో ఇంకా ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి సైన్యాల్లోనూ ఉండేది. కాలిఫోర్నియా ఎడారిలో సైనికుల మీద ఇ.ఎఫ్. అడాల్ఫ్ బృందం చేసిన పరిశోధన 1947లో పుస్తకంగా వచ్చి దీన్ని కొట్టిపారేసింది. ఎండకు ఒళ్లు అలవాటు పడుతుంది, అదీ చెమట ఎక్కువగా పోయడం ద్వారా. దాహానికి అలవాటు పడదు. ఒంటె పొదుపు మన ఒంటికి రాదు. ఎలుక పొదుపు మాత్రం వస్తుంది, నీడ పట్టున ఉండటం, పనివేళలు మార్చుకోవడం.

ఇంత నేర్పున్న జంతువులు భూమి వేడెక్కితే మాత్రం భయపడాలా అనేది చివరి అభ్యంతరం. నేర్పుకూ హద్దుంది. మెక్సికోలో బల్లుల మీద 2010లో వెలువడిన అధ్యయనం, 200 చోట్ల చూస్తే 1975 తర్వాత 12 శాతం చోట్ల అవి కనబడకుండా పోయాయని తేల్చింది. ఎండకు మాడి చచ్చాయనుకుంటే పొరపాటు. నీడలో దాక్కోవాల్సిన గంటలు పెరిగి, వసంతంలో గుడ్ల కోసం ఒంట్లో బలం కూడగట్టుకునే మేత గంటలు తగ్గిపోయాయి. కచ్ నేలల్లో సాండా అనే ముళ్లతోక బల్లి ఉంది. ఆకులు మేసి, ఎండ ముదిరితే బొరియలో దూరి ద్వారాన్ని మట్టితో మూసేసుకుంటుంది. ఆ తలుపు ఎన్ని గంటలకు తెరుచుకుంటుందన్నది ఇక ముందు చూడాలి.