మెయిల్ సర్వర్ తరలింపులో డేటాబేస్ వెర్షన్ల పొంతనలేమి: జింబ్రా ఆధారంగా ఒక వివరణ

వ్యాససంగ్రహం:
మెయిల్ సర్వరును పాత యంత్రం నుండి కొత్త యంత్రానికి తరలించినప్పుడు, ఫైళ్లన్నీ చేరినా సేవ ప్రారంభం కాకపోవడం తరచుగా ఎదురయ్యే సమస్య. డేటాబేస్ వెర్షన్ల పొంతనలేమి దీనికొక ముఖ్యకారణం. జింబ్రా మెయిల్ వ్యవస్థను ఉదాహరణగా తీసుకొని, ఈ పొంతనలేమి ఏయే స్థాయిలలో ఏర్పడుతుందో, దానిని ఎలా గుర్తించాలో, ఉత్తరాలకు నష్టం కలగకుండా ఎలా సరిచేయాలో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: జింబ్రా, మరియాడీబీ, స్కీమా, ఎల్‌డాప్, వెర్షన్, తరలింపు.

1. ఉపోద్ఘాతం:
విద్యాసంస్థలు సొంతంగా నడుపుకొనే మెయిల్ సర్వర్లలో ఏళ్ల తరబడి సాగిన ఉత్తర ప్రత్యుత్తరాలు నిలువ ఉంటాయి. పర్యవేక్షకునితో పరిశోధకుని చర్చలు, సంపాదకుల అంగీకార పత్రాలు, క్షేత్రపర్యటనలో సేకరించిన సమాచారం వంటివాటికి చాలాసార్లు మరొక ప్రతి ఉండదు. అయితే వాటిని మోసే సాఫ్ట్‌వేర్‌కు కాలపరిమితి ఉంది. సెంటాస్ 6కు 2020 నవంబరు 30తోను, జింబ్రా 8.8.15కు 2023 డిసెంబరు 31తోను, సెంటాస్ 7కు 2024 జూన్ 30తోను మద్దతు ముగిసింది. భద్రతా సవరణలు అందని సర్వరును కొనసాగించడం ప్రమాదకరం కనుక తరలింపు అనివార్యమవుతుంది.

2. జింబ్రాలో డేటా అమరిక:
జింబ్రాలో ఒక ఉత్తరం ఒకేచోట ఉండదు. ఉత్తర పాఠం ‘స్టోర్’ అనే డైరెక్టరీలో విడి ఫైలుగా ఉంటుంది. అది ఏ ఫోల్డరుకు చెందినది, చదివినదా కాదా, ఆ ఫైలు ఎక్కడ ఉంది అనే వివరాలు మరియాడీబీ డేటాబేస్‌లో ఉంటాయి. వినియోగదారుల ఖాతాలు, సంకేతపదాలు ఎల్‌డాప్ డైరెక్టరీలో ఉంటాయి. వెతుకులాటకు ఉపకరించే సూచిక వేరుగా ఉంటుంది. ఈ నాలుగూ ఒకే క్షణానికి చెందిన స్థితిలో కొత్త యంత్రానికి చేరాలి. డేటాబేస్‌ను నిన్న, స్టోర్‌ను నేడు నకలు చేస్తే రెండింటికీ లంకె తెగుతుంది. జాబితాలో ఉత్తరం కనిపించినా తెరిచినప్పుడు పాఠం దొరకదు.

3. పొంతనలేమి ఏర్పడే స్థాయిలు:

3.1 డేటాబేస్ ఇంజిన్ వెర్షన్:
మరియాడీబీ 10.2.2 నుండి ఇన్నోడీబీ రీడూ లాగ్ నిర్మాణం మారింది. పాత ఇంజిన్‌ను సక్రమంగా ఆపకుండా తీసుకొన్న నకలును కొత్త ఇంజిన్ స్వీకరించదు. పాత లాగ్‌లో మిగిలిపోయిన మార్పులను పూర్తిచేయగలిగింది పాత ఇంజిన్ మాత్రమే. కొత్త ఇంజిన్‌తో ఒకసారి తెరిచిన ఫైళ్లను తిరిగి పాతదానితో తెరవగలమన్న హామీ కూడా లేదు.

3.2 స్కీమా వెర్షన్:
పట్టికల నిర్మాణాన్ని తెలిపే సంఖ్యను జింబ్రా తన ‘కాన్ఫిగ్’ పట్టికలో రాసుకొంటుంది. సేవ ప్రారంభమయ్యేటప్పుడు ప్రోగ్రాము తాను ఆశించే సంఖ్యను దీనితో పోల్చి చూస్తుంది. రెండూ వేరైతే మెయిల్‌బాక్స్ సేవ ఆగిపోతుంది. ఇంజిన్ సరిగా నడుస్తున్నప్పుడు కూడా ఈ లోపం రావచ్చు. డేటాను పాఠరూపంలో డంప్‌గా తీసి కొత్త ఇంజిన్‌లోకి ఎక్కిస్తే మొదటి సమస్య తీరుతుంది కాని, డంప్‌తోపాటు పాత సంఖ్య కూడా వస్తుంది కనుక రెండవది తీరదు.

3.3 డైరెక్టరీ వెర్షన్:
జింబ్రా 8 శ్రేణిలో ఎల్‌డాప్ నిలువ పద్ధతి బర్క్‌లీ డీబీ నుండి ఎమ్‌డీబీకి మారింది. అంతకుముందరి ఫైళ్లను నేరుగా నకలు చేస్తే పనిచేయవు; ఎల్‌డిఫ్ పాఠరూపంలోకి మార్చి తీసుకోవాలి. ఇక్కడ మరొక సూక్ష్మాంశం ఉంది. మెయిల్‌బాక్స్‌ను ఖాతాతో కలిపేది వినియోగదారుని పేరు కాదు, జింబ్రా ఇచ్చిన అంతర్గత గుర్తింపు సంఖ్య. అవే పేర్లతో ఖాతాలను కొత్తగా సృష్టిస్తే సంఖ్యలు మారుతాయి. పాత ఉత్తరాలు డిస్కుపైనే ఉన్నా వినియోగదారునికి ఖాళీ మెయిల్‌బాక్స్ కనిపిస్తుంది.

4. లోపాన్ని గుర్తించే క్రమం:
మొదట డేటాబేస్ ఇంజిన్ లాగ్‌ను చూడాలి. అక్కడ లోపం ఉంటే సమస్య మొదటి స్థాయిది. ఇంజిన్ నడుస్తున్నప్పటికీ ప్రవేశం నిరాకరించబడితే అది వెర్షన్ సమస్య కాకపోవచ్చు. డేటాబేస్ సంకేతపదాలు ‘లోకల్‌కాన్ఫిగ్’ ఫైలులో ఉంటాయి కనుక, ఆ ఫైలు పాత యంత్రం నుండి వచ్చిందో లేదో పరిశీలించాలి. ప్రవేశం లభించి మెయిల్‌బాక్స్ సేవ మాత్రమే ఆగితే, మెయిల్‌బాక్స్ లాగ్‌లో రెండు సంఖ్యలూ కనిపిస్తాయి. అన్నీ నడుస్తూ మెయిల్‌బాక్సులు ఖాళీగా ఉంటే ఖాతాల గుర్తింపు సంఖ్యలను పోల్చాలి.

5. తప్పుడు పరిష్కారాలు:
స్కీమా సంఖ్య సరిపోలనప్పుడు జింబ్రా ఇచ్చే సందేశం, ఆధార డేటాను ఉన్నతీకరించమని లేదా కొత్తగా ప్రారంభించమని సూచిస్తుంది. రెండవ మార్గం పాత ఉత్తరాలను వదులుకోవడమే కనుక తరలింపులో అది పరిష్కారం కాదు. కాన్ఫిగ్ పట్టికలోని సంఖ్యను చేతితో దిద్దడం ఇంకొక అడ్డదారి. సంఖ్య మారినంత మాత్రాన పట్టికల నిర్మాణం మారదు. సేవ ప్రారంభమైనట్లే కనిపిస్తుంది. లేని నిలువు వరుసలో ప్రోగ్రాము రాయబోయినప్పుడు లోపం బయటపడుతుంది. అప్పటికి కొత్త ఉత్తరాలు కూడా చేరి ఉంటాయి కనుక వెనుకకు మళ్లడం కష్టమవుతుంది.

6. సురక్షిత విధానం:
తరలింపును, ఉన్నతీకరణను ఒకే అడుగులో చేయకపోవడం ఇందులోని మూలసూత్రం. పాత సర్వరులోని వెర్షన్‌కు ప్యాకేజీ లభించే ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్త యంత్రానికి ఎంచుకోవాలి. అందులో అదే వెర్షన్ జింబ్రాను స్థాపించాలి. పాత సేవలన్నింటినీ సక్రమంగా ఆపి, జింబ్రా డైరెక్టరీని మొత్తంగా నకలు చేయాలి. ఫైళ్ల యాజమాన్య అనుమతులను సరిచేసి, సేవలను ప్రారంభించి, కొన్ని మెయిల్‌బాక్సులను తెరిచి చూడాలి. స్టోర్‌కు, డేటాబేస్‌కు పొంతనను బ్లాబ్ తనిఖీ సాధనంతో పరీక్షించాలి. ఆ తరువాత మరొక నకలు తీసుకొని, జింబ్రా ఇన్‌స్టాలర్ ద్వారా ఉన్నతీకరించాలి. స్కీమాను మార్చే స్క్రిప్టులను వరుసక్రమంలో నడిపి సంఖ్యను మార్చేది ఇన్‌స్టాలరే.

పాత వెర్షన్ కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌పై స్థాపితం కానప్పుడు డేటాబేస్‌ను పక్కనపెట్టి ఐమ్యాప్ ద్వారా ఉత్తరాలను తరలించవచ్చు. అయితే క్యాలెండర్, చిరునామాలు, వడపోత నియమాలు ఐమ్యాప్‌లో రావు. వాటిని విడిగా ఎగుమతి చేసుకోవాలి.

7. ముగింపు:
వెర్షన్ సరిపోలలేదని సర్వరు ఆగిపోవడం వైఫల్యంగా కనిపించినా, నిజానికి అది డేటాను కాపాడే ఏర్పాటు. అర్థం కాని నిర్మాణంపై రాయడానికి ప్రోగ్రాము నిరాకరిస్తోంది. ఆ నిరాకరణను దాటవేయక, ఏ స్థాయిలో పొంతన లోపించిందో గుర్తించి, అదే వెర్షన్‌లో తరలించి, తనిఖీ చేసి, ఆపైన ఉన్నతీకరించడమే శ్రేయస్కరం. కొత్త సర్వరులో ఉత్తరాలు పూర్తిగా ధ్రువపడే వరకు పాత యంత్రాన్ని చెరపకుండా ఉంచడం ఈ ప్రక్రియలో అత్యవసరమైన జాగ్రత్త.