గడ్డి కింద మట్టికి పరీక్ష

ఆటస్థలంలో నీరు నిలుస్తోందంటే చాలామంది చెప్పే మందు ఒక్కటే, ఇసుక కలపడం. కానీ నల్లరేగడిలో నాలుగు లారీల ఇసుక కలిపినా నీరు దిగదు. ఇసుక రేణువులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటేనే వాటి నడుమ నీటికి దారి ఏర్పడుతుంది. బంకమన్ను ఎక్కువైతే ఆ సందులన్నీ పూడిపోతాయి. అందుకే మంచి మైదానాల్లో గడ్డి వేళ్లుండే పొర దాదాపు అంతా ఇసుకే. ఎంత ఇసుక, ఎలాంటి ఇసుక అన్నది పరీక్షే తేల్చాలి.

మొదటిది జల్లెడ పరీక్ష. ఎండిన మిశ్రమాన్ని వరుసగా పేర్చిన జల్లెడల్లో ఊపి, దేనిలో ఎంత నిలిచిందో తూస్తారు. గోల్ఫ్ గ్రీన్లకు, అంటే గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక నేలకు, అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో తొలి ప్రమాణాలు ప్రకటించింది. ఇప్పటి లెక్కలో కనీసం 60 శాతం రేణువులు 0.25 నుంచి 1 మిల్లీమీటరు మధ్య ఉండాలి. బంకమన్ను 3 శాతం దాటకూడదు.

రెండోది అసలు పరీక్ష. మిశ్రమాన్ని లోహపు గొట్టంలో నింపి సుత్తితో దట్టిస్తారు. రేపు ఆటగాళ్ల కాళ్ల కింద అది అణగక తప్పదు కదా! తర్వాత దాన్ని నీటితో నానబెట్టి, 30 సెంటీమీటర్ల నీటిమట్టానికి సమానమైన బలంతో నీటిని లాగుతారు. గ్రీన్ కింది ఇసుక పొర లోతూ దాదాపు అంతే. అప్పుడు మిశ్రమంలో 15 నుంచి 30 శాతం గాలి, 15 నుంచి 25 శాతం నీరు మిగలాలి. గాలి తగ్గితే వేళ్లు కుళ్లుతాయి, నీరు తగ్గితే గడ్డి వాడిపోతుంది. గంటకు కనీసం 150 మిల్లీమీటర్ల నీరు కిందికి దిగాలి.

బెంగళూరు చిన్నస్వామి స్టేడియంలో 2017లో మైదానం అడుగు నుంచి నీటిని లాగే సబ్‌ఎయిర్ వ్యవస్థ అమర్చారు. పై పొర నీటిని వదలకపోతే ఎంత బలమైన యంత్రమైనా చేసేదేమీ లేదు.

అదే మైదానం నడుమ ఉన్న క్రికెట్ పిచ్‌కు మాత్రం బంకమన్నే ప్రాణం. అక్కడ మట్టిని తడిపి ఉండ చేసి, ఆరబెట్టి, ఎంత బరువుకు పగులుతుందో చూస్తారు. ఆటను బట్టి మట్టి, మట్టిని బట్టి పరీక్ష.

ఒకసారి పరిచిన ఇసుక పొరను తవ్వి మార్చాలంటే మైదానమంతా మళ్లీ వేసినంత ఖర్చు. అందుకే ఇసుక కొనకముందే నమూనా పరీక్షించాలి, వచ్చిన ప్రతి విడతనూ మళ్లీ చూడాలి. ఒకే రేవు నుంచి తెచ్చినా రెండు లోడ్ల ఇసుక ఒకేలా ఉండాలని లేదు.