పాత కంప్యూటరులో సర్వరు ప్రాసెసరు

పదేండ్లకు పైబడిన కంప్యూటర్లు మన పాఠశాలలలోను, కళాశాలలలోను ఇంకను పని చేయుచున్నవి. మీట నొక్కిన పిమ్మట అవి మేలుకొనుటకే చాల సేపు పట్టును. తరగతి కాలములో కొంత భాగము ఎదురుచూచుటతోనే గడచిపోవును. అన్నిటిని తీసివేసి కొత్తవి కొనుటకు డబ్బు చాలదు. ఇట్టి సమయమున, ‘‘సర్వర్లలో వాడి తీసివేసిన ప్రాసెసర్లు చవుకగా దొరకును, వానిని అమర్చినచో పాత యంత్రము కొత్త దానివలె పరుగెత్తును’’ అని చెప్పువారు కలరు. ఈ మాటలో నిజమెంత? దీని వెనుకనున్న శాస్త్రమేమి? డబ్బు ఖర్చు పెట్టుటకు ముందు ఈ ప్రశ్నలను విచారించుట మంచిది.

సర్వరు ప్రాసెసర్లు చవుక యగుటకు కారణము

అనేక కంప్యూటర్లకు ఒకేసారి సమాచారమును అందించు యంత్రమును సర్వరు అందురు. బ్యాంకుల లెక్కలు, రైలు టిక్కెట్ల రిజర్వేషను మొదలగు పనులు సర్వర్ల మీదనే జరుగును. అవి రేయింబవళ్లు ఆగకుండ పని చేయును. కనుక వాని విద్యుత్తునకు, వానిని చల్లబరచుటకు అగు ఖర్చు అధికము. అదే విద్యుత్తుతో ఎక్కువ పని చేయు కొత్త సర్వర్లు రాగానే సంస్థలు పాతవానిని తొలగించును. అవి చెడిపోయినందువలన గాక, వానిని నడుపుట గిట్టుబాటు కానందువలననే బయటికి వచ్చును. ఒక్కసారిగా వేలకొలది ప్రాసెసర్లు బజారునకు వచ్చుటచేత వాని వెల పడిపోవును.

ఒక ఉదాహరణము

ఇంటెల్ సంస్థ 2004లో సాధారణ కంప్యూటర్ల కొరకు 775 స్పర్శ బిందువులు గల సాకెట్టును ప్రవేశపెట్టినది. 2006లో సర్వర్ల కొరకు 771 బిందువుల సాకెట్టును తెచ్చినది. సర్వర్లకు సంబంధించిన జియాన్ ఇ5450 ప్రాసెసరు 2007లో వెలువడినది. దానిలో లెక్క చేయు కేంద్రములు, అనగా కోర్లు, నాలుగు కలవు. దాని వేగము 3 గిగాహెర్ట్జులు. 2008లో ఇంటి కంప్యూటర్లకై వచ్చిన కోర్ 2 క్వాడ్ క్యూ9650 యందును కోర్లు నాలుగే. వేగము 3 గిగాహెర్ట్జులే. లోపలి క్యాషె జ్ఞాపకము రెండింటిలోను 12 మెగాబైట్లే. రెండింటి లోపలి సిలికాను బిళ్లల నిర్మాణమును ఒక్కటే. భేదమంతయు పై తొడుగులోను, బిందువుల అమరికలోను కలదు.

ఈ తరపు ప్రాసెసర్లలో మరియొక సౌకర్యము కలదు. జ్ఞాపకమును నడుపు భాగము వీనిలో ప్రాసెసరునందు గాక మదరుబోర్డు మీది చిప్పులో నుండును. అందుచేత సర్వరు ప్రాసెసరునకు సర్వరు జ్ఞాపకమే కావలెనను నిర్బంధము లేదు. కంప్యూటరులో ముందే యున్న సాధారణ జ్ఞాపకముతోనే అది పని చేయును.

అమర్చు విధానము

రెండు ప్రాసెసర్ల కొలతలు ఒక్కటే. బిందువులలో అత్యధిక భాగము ఒకే పనికి ఉద్దేశింపబడినవి. ప్రక్కప్రక్కనున్న రెండు బిందువులు మాత్రము తారుమారుగా నున్నవి. ఈ రెండింటిని అడ్డముగా కలుపు పలుచని లోహపు గీతలు గల చిన్న స్టిక్కరును ప్రాసెసరు అడుగున అంటించినచో ఈ తేడా తొలగిపోవును. ప్రాసెసరు అంచునందలి గాట్లు కూడ వేరు చోట నుండును. కావున సాకెట్టులోని రెండు చిన్న ప్లాస్టిక్ మొనలను కోయవలసి వచ్చును. ఈ సాకెట్టులో సన్నని లోహపు ముళ్లు వందలకొలది కలవు. కత్తి జారి ఒక ముల్లు వంగినను బోర్డు పాడగును. కొండనాలుకకు మందు వేయగా ఉన్న నాలుక ఊడినట్లగును. చేయి తిరిగినవారు తప్ప ఇతరులు దీనికి పూనుకొనరాదు.

మదరుబోర్డులోని బయాస్ అను ప్రారంభ కార్యక్రమము కొత్త ప్రాసెసరును గుర్తింపవలెను. గుర్తింపనిచో దానికి తగిన మైక్రోకోడును చేర్చవలసియుండును.

వేగమును గూర్చిన గణితమును సులభమే. బోర్డు సెకనుకు 333 మిలియన్ల తాళములు వేయును; ప్రాసెసరు దానిని 9 రెట్లు చేసికొనును. 333 × 9 = సుమారు 3,000 మెగాహెర్ట్జులు, అనగా 3 గిగాహెర్ట్జులు. పాత బోర్డు 266 మాత్రమే ఇయ్యగలిగినచో 266 × 9 = సుమారు 2,400 మాత్రమే వచ్చును. కనుక బోర్డు శక్తిని ముందుగా తెలిసికొనవలెను.

వేడిమి, విద్యుత్తు

కోర్ 2 డ్యుయో ఇ7400 అను రెండు కోర్ల ప్రాసెసరు ఉష్ణపు గరిష్ఠ కొలత 65 వాట్లు. ఇ5450కు 80 వాట్లు. తేడా 15 వాట్లే గదా యని తేలికగా చూడరాదు. ప్రాసెసరు సుమారు 1.2 వోల్టుల మీద పని చేయును. 80ని 1.2 చేత భాగించినచో సుమారు 67 ఆంపియర్లు వచ్చును. 230 వోల్టుల మీద తిరుగు 75 వాట్ల పంకాకు ఆంపియరులో మూడవ వంతు ప్రవాహము చాలును! ఇంతటి ప్రవాహమును మోయవలసినవి మదరుబోర్డు మీది చిన్న భాగములు. చవుక రకపు బోర్డులో అవి వేడెక్కి కాలిపోవచ్చును. ప్రాసెసరు మీది వేడిని తీసివేయు పంకాయు, దాని కింద పూయు లేపనమును మంచివి కావలెను.

అదనపు 15 వాట్లు రోజునకు 6 గంటలు, ఏడాదిలో 200 దినములు పూర్తిగా ఖర్చగుననుకొన్నను, యంత్రమునకు 18 యూనిట్లు మాత్రమే యగును. కనుక ఒక యంత్రము విషయమున కరెంటు బిల్లుకన్న వేడిమియే ముఖ్యము.

వేగము రెట్టింపగునా?

రెండు కోర్ల స్థానమున నాలుగు వచ్చినంతమాత్రమున కాలము సగము కాదు. జీన్ ఆమ్డాల్ అను ఇంజనీరు 1967లో ఈ విషయమును వివరించెను. ఒక పని ఒక్క కోరు మీద 100 సెకన్లు పట్టుననుకొందము. అందులో 60 సెకన్ల భాగమును పంచుకొనవచ్చును. మిగిలిన 40 సెకన్ల భాగము ఒకదాని వెనుక ఒకటిగా జరుగవలసినదే. రెండు కోర్లతో 40 + 30 = 70 సెకన్లు; నాలుగింటితో 40 + 15 = 55 సెకన్లు. అనగా ఆదా సుమారు ఐదవ వంతు మాత్రమే. వీడియోలు మార్చుట, పెద్ద లెక్కలు చేయుట వంటి పంచుకొన వీలగు పనులలో లాభము ఎక్కువ. పాఠము టైపు చేయుటలో లాభము కనబడదు.

ముందు కొలిచి చూడుడు

యంత్రము నెమ్మదిగా నున్నదనిన దోషము ప్రాసెసరుదే కానక్కరలేదు. విండోసులోని టాస్కు మేనేజరును తెరచి, పని జరుగుచుండగా ప్రాసెసరు, జ్ఞాపకము, డిస్కు ఎంత శాతము నిండినవో పది నిమిషములు వ్రాసికొనవలెను. డిస్కు 100 శాతమున నిలిచి, ప్రాసెసరు 10 శాతమున నున్నచో ప్రాసెసరును మార్చుట వ్యర్థము. తిరుగు డిస్కు ఒక సమాచారమును వెదకుటకు సుమారు 10 మిల్లీసెకన్లు పట్టును. ఎస్‌ఎస్‌డి అను ఘనస్థితి డిస్కునకు సుమారు 0.1 మిల్లీసెకను చాలును. అట్టి యంత్రమునకు ఎస్‌ఎస్‌డియే సరియైన మందు. దానిని అమర్చుటకు కత్తితో పని లేదు. కంప్యూటరు పాడైనను దానిని తీసి వేరొకదానిలో పెట్టుకొనవచ్చును.

ప్రాసెసరు నిరంతరము 100 శాతము చేరువలో నున్నప్పుడే మార్పిడిని గూర్చి ఆలోచింపవలెను. అప్పుడును మరియొక సంగతి గుర్తుంచుకొనవలెను. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 అంగీకరించు ప్రాసెసర్ల పట్టికలో ఈ తరమునకు చోటు లేదు. 2024లో వచ్చిన దాని రూపమునకు అవసరమగు కొన్ని ఆదేశములు ఇ5450లో లేనే లేవు. కావున ఇట్టి యంత్రము మీద లైనక్సు వాడుట ఉత్తమము.

విద్యార్థులు తమ ప్రయోగశాలలోని కంప్యూటర్లకు ఇట్టి పట్టికను తయారుచేసి ఉపాధ్యాయులకు చూపవచ్చును. ఏ యంత్రమునకు డిస్కు, దేనికి జ్ఞాపకము, దేనికి ప్రాసెసరు కావలెనో ఆ పట్టికయే తెలుపును. ఏమియు చేయకుండ విడువవలసిన యంత్రమేదియో కూడ దాని వలననే తెలియును.