పెండ్లి క్యాసెట్టును పదిలపరచుకొనుట

1982లో ఢిల్లీ ఏషియన్ క్రీడల సందర్భమున మన దేశమున రంగుల టెలివిజను ప్రసారములు ఆరంభమైనవి. ఆ పిదప వీడియో రికార్డరు, అనగా వి.సి.ఆర్., క్రమక్రమముగా ఇండ్లకు వచ్చినది. తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములందును, రేపల్లె చేరువనున్న నగరము వంటి గ్రామములందును పెండ్లికి వీడియో తీయించుట పరిపాటియైనది. ఆ క్యాసెట్టులు నేటికిని అనేక గృహములలో బీరువా పై అరలలో ఉన్నవి. గతించిన పెద్దల ఛాయాచిత్రములు గోడమీద ఉండవచ్చును. కాని వారి నడక, వారి కంఠస్వరము ఆ టేపులలో మాత్రమే మిగిలియున్నవి.

అవి కలకాలము నిలుచునవి కావు. టేపు అనగా సుమారు అర అంగుళము వెడల్పుగల ప్లాస్టిక్ పట్టీ. దానిపై అయస్కాంత గుణముగల సన్నని పొడి జిగురుతో అంటింపబడియుండును. బొమ్మయు, ధ్వనియు ఆ పొడియందే నిక్షిప్తమైయుండును. సముద్రతీర ప్రాంతములలోని తేమగాలిని ఆ జిగురు పీల్చుకొని కాలక్రమమున చెడును. టేపు అంచులకు బూజు పట్టును. యంత్రము సంగతియు అంతే. వి.హెచ్.ఎస్. పద్ధతిని జపానులోని జె.వి.సి. సంస్థ 1976లో ప్రవేశపెట్టెను. ఆ దేశమునకే చెందిన ఫునాయ్ సంస్థ 2016 జులైలో వి.సి.ఆర్.ల తయారీని విరమించుటతో వీని ఉత్పత్తి ముగిసినది. ఇపుడు పాత యంత్రములను బాగుచేయించుకొని వాడుకొనుటయే శరణ్యము.

ఏండ్ల తరబడి కదలని టేపు ఒక పర్యాయము చక్కగా ఆడి, రెండవ పర్యాయము మొరాయింపవచ్చును. కావున ఆ మొదటి పర్యాయమే నకలు తీయుట జరుగవలెను. ‘ముందు చూతము, తరువాత నకలు తీయుదము’ అనుట క్షేమము కాదు. పరికరములన్నిటిని ముందుగా కలిపి, పోయినను చింతలేని క్యాసెట్టుతో పరీక్షించి, ఆ తరువాతనే పెండ్లి క్యాసెట్టును లోనికి పంపవలెను.

ఇక కలుపు విధము. కాలువనుండి బోదెకు, బోదెనుండి మడికి నీరు పారునట్లు సంకేతము ఒకే దిశను పారును. ఇచ్చు యంత్రముపై ‘ఔట్’ అను రంధ్రమునుండి పుచ్చుకొను యంత్రముపై ‘ఇన్’ అను రంధ్రమునకు తీగ పోవలెను. తెర నల్లగా ఉన్నచో మొదట పరిశీలింపవలసినది ఇదియే. పసుపుపచ్చ పిన్ను బొమ్మకు, తెల్లనిది ఎడమ ధ్వనికి, ఎర్రనిది కుడి ధ్వనికి. పెక్కు పాత వి.సి.ఆర్.లకు ధ్వని రంధ్రము ఒక్కటే ఉండును. అట్టి యెడల తెల్లని పిన్నును దానికి కలిపిన చాలును. యాంటెనా తీగ ద్వారా కూడ టీ.వీ.కి కలుపవచ్చును గాని, అందు బొమ్మను, ధ్వనిని ఒక ఛానలుపైకి ఎక్కించి మరల విడదీయవలసివచ్చుటచే స్పష్టత తగ్గును.

కంప్యూటరుకు కలుపుటకు నడుమ ‘వీడియో క్యాప్చర్’ అను చిన్న పరికరము కావలెను. దానికి ఒక వైపున మూడు రంగుల రంధ్రములును, మరొక వైపున యు.ఎస్.బి. ప్లగ్గును ఉండును. కంప్యూటరులో ‘పాల్’ పద్ధతిని ఎన్నుకొనవలెను. మన దేశపు వీడియో 625 గీతలతో, సెకనుకు 25 చిత్రములతో నడచును. అమెరికా పద్ధతియైన ‘ఎన్.టి.ఎస్.సి.’ని ఎన్నుకొన్నచో బొమ్మ దొర్లును, లేదా రంగు పోవును. పసుపుపచ్చ రంధ్రము లేని కొత్త టీ.వీ.కి కలుపుటకు హెచ్.డి.ఎమ్.ఐ. మార్పిడి పెట్టె కావలెను. ఈ పెట్టెలు రెండు రకములు: పాత సంకేతమును కొత్తదిగా మార్చునది ఒకటి, కొత్తదానిని పాతదిగా మార్చునది వేరొకటి. ఒకటి మరొక దాని పని చేయదు. కొనునపుడు మనకు కావలసినది మొదటిదని అంగడివానికి స్పష్టముగా చెప్పవలెను.

చిన్న క్యామెరా క్యాసెట్టులు వి.సి.ఆర్.లో పట్టవు. వానిని తీసిన క్యామెరానే ఆడించి, దాని ‘ఔట్’నుండి నేరుగా కంప్యూటరుకు పంపుట మేలు. నడుమ వి.సి.ఆర్.లో ఒక నకలు, దానినుండి మరియొక నకలు తీసినచో నకలు నకలుకు బొమ్మ మసకబారును.

క్యాసెట్టు కిటికీలోనుండి చూచినపుడు టేపు చుట్టపై తెల్లని బూజు కనబడినచో దానిని యంత్రమున పెట్టరాదు. బూజు యంత్రపు హెడ్డులకు అంటి, పిదప పెట్టిన ప్రతి క్యాసెట్టుకును సోకును. అట్టిదానిని అనుభవముగల పనివాని చేతికే ఇయ్యవలెను. ఏ.సి. గదినుండి తెచ్చిన యంత్రమును కొన్ని గంటలు అట్లే ఉంచి, చెమ్మ ఆరిన పిదపనే నడుపవలెను. క్యాసెట్టు వెనుక అంచున ఉండు చిన్న ప్లాస్టిక్ రెక్క విరిగియున్నదో లేదో చూడుడు, విరువకున్నచో విరువుడు. అటుపై పొరపాటున రికార్డు మీట నొక్కినను పాత బొమ్మ చెరిగిపోదు.

అన్నియు సరియైన పిదప అసలు క్యాసెట్టును పెట్టి, మొదటినుండి చివరివరకు ఒకేమారు ఆడింపవలెను. మూడు గంటల టేపునకు మూడు గంటలును పట్టును. త్వరపెట్టు మార్గము లేదు. బొమ్మపై అడ్డగీతలు కనబడినచో ‘ట్రాకింగ్’ మీటతో సరిచేయవలెను. డి.వి.డి. స్థాయి నాణ్యతతో గంటకు సుమారు మూడు గిగాబైట్ల స్థలము సరిపోవును. నకలును రెండు చోట్ల, వేరువేరు ఇండ్లలో ఉంచుట శ్రేయస్కరము. ఒకటి తల్లిదండ్రుల యింట, మరియొకటి దూరదేశమున నున్న బిడ్డల యింట ఉండవచ్చును. ఫైలు పేరున పెండ్లి తేదీయు, వధూవరుల పేర్లును వ్రాయుడు. బొమ్మలోనివారిని గుర్తింపగల పెద్దలు ఉండగనే వారిచే ఎవరెవరో చెప్పించుకొని, ఆ వివరములను కూడ వ్రాసి జతపరచుడు.