పాత కార్ల బజారులో ఏడు సీట్ల సరుకు: ఆరు లక్షల సంసారికి ఏది గిట్టుబాటు?

అత్తాపూర్: మిర్చికి యార్డు ఉంది. తేమ ఎంతో, తాలు ఎంతో చేతిలోకి తీసుకుని చూసి పాట పాడతారు. పాత కారుకు యార్డు లేదు, గ్రేడు లేదు, తూకం లేదు. అమ్మేవారి మాట, కొనేవారి కన్ను, నడుమ దలాలు నాలుక, వీటి మీదనే బేరం సాగుతుంది. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పొడవున 2009 అక్టోబరులో ప్రారంభమైన పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే కింద, పిల్లరు నంబరే చిరునామాగా చెల్లుబాటయ్యే అత్తాపూర్ దారిలో ఈ బేరాలు నిత్యకృత్యం.

బేగంబజారులో ఒక టోకు కిరాణా కొట్టులో పద్దులు రాసే గుమాస్తా ఈ దారిన పడ్డారు. ఇద్దరు పిల్లలు, మూడో కాన్పు దగ్గరపడింది, తల్లిదండ్రులు ఇంట్లోనే ఉంటారు. వెరసి ఏడుగురు. ఉన్న చిన్న కారు ఐదుగురికే ఇరుకు. చీటీ పాడగా చేతికి వచ్చినది మూడు లక్షలు, అప్పు మరో మూడు లక్షలు. కాగితాల ఖర్చుతో సహా ఆరు లక్షలు దాటడానికి వీల్లేదని ఇంట్లో తీర్మానం.

విదేశాల్లో ఇటువంటి సంసారి ‘ఎస్టేట్’ కారు కోసం వెదుకుతారు. అంటే మామూలు కారుకే వెనుక భాగం పొడిగించి, డిక్కీని లోపలికి కలిపిన రకం. మన దేశంలోనూ 1992లో టాటా ఎస్టేట్, ఆ తరువాత మారుతీ బలేనో ఆల్ట్యురా, 2004లో ఇండిగో మెరీనా వచ్చాయి. ఒక్కటీ నిలదొక్కుకోలేదు. మన కొనుగోలుదారు సామానుకు చోటు అడగలేదు, మరో వరుస సీట్లు అడిగారు. 2000లో వచ్చిన టొయోటా క్వాలిస్, 2005లో దాని స్థానంలోకి వచ్చిన ఇన్నోవా, 2012లో మారుతీ ఎర్టిగా, 2019లో రెనో ట్రైబర్ ఆ గిరాకీ మీదనే నడిచాయి. కనుక ఇక్కడ ఎస్టేటు అంటే ఏడు సీట్ల బండి అనే అర్థం చేసుకోవాలి.

ధర ఎక్కడి నుంచి లెక్కించాలి?

పాత కారు ధర కట్టడానికి బజారులో ఒక పాత లెక్క ఉంది. అసలు బిల్లు చూసి ఏడాదికి ఇంత అని తరుగు తీసివేస్తారు. 2025 సెప్టెంబరు 22 తరువాత ఆ లెక్క పనికిరాకుండా పోయింది. నాలుగు మీటర్ల లోపు, 1,200 సీసీ లోపు పెట్రోలు కార్ల మీద సెస్సుతో కలిపి 29 శాతం ఉన్న పన్ను ఆ రోజు నుంచి 18 శాతానికి తగ్గింది. నూరు రూపాయల సరుకు 129 నుంచి 118కి దిగిందన్న మాట, అంటే దాదాపు ఎనిమిదిన్నర శాతం. ట్రైబర్ ఈ కోవలోనిదే. నాలుగు మీటర్లు దాటిన ఎర్టిగాకు 45 నుంచి 40కి మాత్రమే తగ్గింది కాబట్టి మూడున్నర శాతం లోపే కలిసివచ్చింది.

కొత్త సరుకు దిగితే గోదాములో పాత సరుకు ఏమవుతుందో వర్తకులకు వివరించనక్కరలేదు. అంతకు ముందు హెచ్చు ధరకు కొని నిలువ పెట్టుకున్నవారు నష్టాన్ని ఒప్పుకోవడానికి ఇష్టపడరు. “సేఠ్, నాకే ఇంత పడింది” అనే మాట వెనుక చాలాసార్లు ఉండేది ఇదే. ఆయనకు ఎంత పడిందనేది కొనేవారికి సంబంధం లేని విషయం. ఇవాళ అదే రకం కొత్త కారు షోరూములో ఎంత అన్నదే మొదటి అంకె. పన్ను తగ్గిన తరువాత ట్రైబర్ అడుగు రకం షోరూము ధర ఆరు లక్షల లోపుకు వచ్చింది. జీవితకాల పన్ను, బీమా కలిస్తే మళ్లీ పైకి పోతుంది, నిజమే. అయినా రెండు మూడేళ్ల పాత ట్రైబర్‌కు అయిదున్నర లక్షలు అడిగేవారికి ఆ అంకె చూపించడం ధర్మం.

వ్యాపారి దగ్గర కొంటే జీఎస్టీ కూడా ధరలో ఇమిడి ఉంటుంది. 2025 జనవరి నుంచి పాత కార్లన్నింటి మీద 18 శాతం పన్ను విధించారు, అయితే అది లాభం మీదనే. నాలుగున్నర లక్షలకు కొని అయిదు లక్షలకు అమ్మితే 50 వేల మీద 9 వేలు. నష్టానికి అమ్మితే ఏమీ లేదు. ఒక ఇంటివారు మరో ఇంటివారికి నేరుగా అమ్ముకుంటే అసలే లేదు. మన పాఠకుల్లో ఫర్ము పేరిట కార్లు పెట్టుకున్నవారు మాత్రం ఒకటి గమనించాలి. జీఎస్టీ రిజిస్ట్రేషను ఉండి, ఆదాయపు పన్నులో తరుగుదల చూపించుకున్న కారును అమ్మితే, తరుగుదల పోను పుస్తకాల్లో మిగిలిన విలువ కన్నా ఎంత ఎక్కువ వస్తే అంత మీద పన్ను పడుతుంది. పుస్తకాల్లో అయిదు లక్షలున్న కారు ఆరు లక్షలకు పోతే 18 వేలు కట్టవలసిందే.

విమానాశ్రయం బండి, వరద బండి

గుమాస్తాకు మొదట చూపించినది 2014 నాటి డీజిలు ఎర్టిగా. రంగు అద్దంలా మెరుస్తోంది, మీటరు 62 వేల కిలోమీటర్లు చూపిస్తోంది. ఫోనులో ఫోటోలు చూసి పది వేలు బయానా ముందే పంపించారు. అది తొందరపాటు. దగ్గరకు వెళ్లి చూస్తే క్లచ్ పెడలు రబ్బరు అరిగి ఇనుము తేలింది, స్టీరింగు తోలు నున్నబడింది, డ్రైవరు సీటు ఒక పక్కకు కుంగింది. పట్టుమని 62 వేలు తిరిగిన కారుకు ఈ లక్షణాలు రావు. ఆర్సీ పూర్వాపరాలు తీయిస్తే మొదట పసుపు ప్లేటు బండి అని తేలింది. “ఎయిర్‌పోర్టు డ్యూటీ చేసింది అన్నా, ఇంజను మాత్రం వజ్రం” అని దుకాణదారు అప్పుడు ఒప్పుకున్నారు.

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచినప్పటి నుంచి ఈ దారి పొడవునా ఏడు సీట్ల టాక్సీలే ఎక్కువ. అవి పర్మిట్టు అప్పగించి, జీవితకాల పన్ను కట్టి తెల్ల ప్లేటు వేసుకోవడం చట్టరీత్యా తప్పు కాదు. సర్వీసు సక్రమంగా జరిగిన టాక్సీ ఇంజను బాగుండవచ్చు కూడా. తప్పల్లా సొంత వాడకం బండి అని చెప్పి ఆ ధర అడగడంలో ఉంది. అధీకృత సర్వీసు కేంద్రంలో చాసిస్ నంబరు చెబితే ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల వద్ద బండి వచ్చిందో బయటపడుతుంది. మీటరు తిప్పినవారు ఆ పుస్తకాన్ని తిప్పలేరు. టైర్ల పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 62 వేలే తిరిగిన బండికి మూడో జత టైర్లు ఎందుకు పడ్డాయో అడగవచ్చు.

టాక్సీ కన్నా ప్రమాదకరమైనది నీట మునిగిన బండి. 2020 అక్టోబరు 13, 14 తేదీల కుండపోతకు గగన్‌పహాడ్ వద్ద అప్ప చెరువు తెగి 44వ నంబరు జాతీయ రహదారే కోసుకుపోయింది, వాహనాలు కొట్టుకుపోయాయి. 2025 సెప్టెంబరు చివర మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్ స్టేషనులోకి నీరు వచ్చింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తితే ఆ నీరంతా లంగర్‌హౌజ్ బాపూఘాట్ దగ్గర కలిసి అత్తాపూర్ ఒడ్డు ఒరుసుకునే పోవాలి. అటువంటి నీటిలో సెల్లార్లలో నిలిచిపోయిన కార్లను బీమా కంపెనీలు పూర్తి నష్టం కింద పరిష్కరించిన తరువాత తుక్కు ధరకు కొని, కడిగి, వాసన కొట్టి మళ్లీ బజారుకు తెచ్చేవారు లేకపోలేదు.

వీటిని పట్టుకోవడానికి మెకానిక్కే అక్కరలేదు. సీటు బెల్టును చివరంటా లాగి చూడాలి. పైన శుభ్రంగా ఉన్నా లోపలి మూరెడులో బురద గీత దాక్కుని ఉంటుంది. స్టెప్నీ గుంటలో తివాచీ ఎత్తాలి. సీటు పట్టాల కింద బోల్టులకు తుప్పు పట్టిందేమో వేలుతో తడిమి చూడాలి. కొత్త తివాచీ, ఘాటైన అత్తరు ఉన్న పాత కారును అనుమానించడమే మంచిది. ఇంజను కడిగితే బాగుపడవచ్చు గాని వైర్ల జాయింట్లలో పట్టిన చిలుము ఏడాదికి గాని బయటపడదు. అప్పటికి దుకాణదారు ఫోను ఎత్తరు.

మూడో వరుసలో ఎవరు?

పది వేల బయానా వెనక్కి రాలేదు. రసీదు లేని బయానా గురించి తగాదా పడి లాభం లేదని గుమాస్తా వదులుకున్నారు. రెండోసారి 2020 నాటి ట్రైబర్ చూశారు. ఈసారి ఇంటిల్లిపాదినీ వెంట తెచ్చుకున్నారు, ఇది తెలివైన పని. ఏడుగురూ ఎక్కి కూర్చుంటే డిక్కీలో మిగిలేది 84 లీటర్ల చోటే, ఒక చిన్న సంచి. వెనుక వరుస ఊడదీసి ఇంట్లో పెడితే 625 లీటర్లు వస్తుంది, అప్పుడు అది అసలైన ఎస్టేటు బండి. అయితే ఐదుగురికే. మోకాళ్ల నొప్పులున్న తల్లి వెనుక వరుసలోకి వంగి ఎక్కలేకపోయారు. 999 సీసీ ఇంజను నగరంలో సరే గాని, ఏడుగురితో ఏసీ వేసుకుని శ్రీశైలం ఘాటు ఎక్కాలంటే ఆయాసపడుతుంది.

ప్రమాద పరీక్షల్లో మాత్రం ట్రైబర్‌ది పైచేయి. గ్లోబల్ ఎన్‌క్యాప్ వారు 2021లో దానికి నాలుగు నక్షత్రాలు ఇచ్చారు. రెండో తరం ఎర్టిగాకు 2019లో మూడే వచ్చాయి, నిబంధనలు కఠినం చేసిన తరువాత 2024లో ఒక్కటే. పసిపిల్లలున్న ఇంటికి ఇది చిన్న విషయం కాదు. ముందు రెండు ఎయిర్‌బ్యాగులు అన్ని కార్లకూ తప్పనిసరి అయినది 2022 జనవరి నుంచే కనుక, అంతకు ముందు బండ్లలో అవి ఉన్నదీ లేనిదీ రకం చూసి తెలుసుకోవాలి. ఎయిర్‌బ్యాగు లేని బండిని ఎంత చవకగా ఇచ్చినా పిల్లలకు కొనకపోవడం మేలు.

ధర బాగా దిగిన బండ్లు కొన్ని కంటికి ఆనుతాయి. షెవర్లే టవేరా, ఎంజాయ్, డాట్సన్ గో ప్లస్, హోండా మొబిలియో అటువంటివి. జనరల్ మోటార్స్ 2017లో మన దేశంలో అమ్మకాలు మానుకుంది, డాట్సన్ 2022లో వెళ్లిపోయింది. హోండా ఇక్కడే ఉన్నా మొబిలియోను ఆపివేసింది. కొన్ననాడు కలిసివచ్చిన లక్ష, అమ్మేనాడు, విడిభాగాల కోసం తిరిగేనాడు పోతుంది. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిలు కార్ల మీద 2015 గ్రీన్ ట్రిబ్యునల్ ఉత్తర్వు దరిమిలా అక్కడి నుంచి చవకగా వచ్చే ఇన్నోవాలూ ఉన్నాయి. ఎన్‌ఓసీ, ఇక్కడి జీవితకాల పన్ను కలుపుకుంటే ఆ చవక ఎంత మిగులుతుందో కాగితం మీద వేసుకోవాలి.

డీజిలా, పెట్రోలా అనే దానికి సొంత తిరుగుడే జవాబు. నెలకు వెయ్యి కిలోమీటర్లనుకుందాం. లీటరుకు 15 ఇచ్చే పెట్రోలు బండికి 67 లీటర్లు, 18 ఇచ్చే డీజిలు బండికి 56 లీటర్లు. పెట్రోలు నూరు, డీజిలు తొంభై అని గుండు లెక్క వేస్తే ఏడాదికి ఇరవై వేల తేడా. డీజిలు బండికి లక్ష ఎక్కువ పెడితే అది తిరిగి రావడానికి ఐదేళ్లు, అదీ టర్బో, ఇంజెక్టర్లు మధ్యలో మొరాయించకపోతే. ఎర్టిగా డీజిలును మారుతీ 2020లో ఆపివేసిందని కూడా గుర్తుంచుకోవాలి.

అప్పు సంగతి. మూడు లక్షలకు నాలుగేళ్లు, ‘ఫ్లాట్ 8’ అని ఒక ఫైనాన్సు ఏజెంటు చెప్పారు. వడ్డీ 96 వేలు, నెల కిస్తీ 8,250. తీరుతున్న అసలు మీద కూడా వడ్డీ పడుతూనే ఉంటుంది కనుక అసలు రేటు 14 పైచిలుకు, మన భాషలో దాదాపు రూపాయి ఇరవై పైసల వడ్డీ. బ్యాంకు 13 అంటే హెచ్చనిపించి ఫ్లాట్ 8 వైపు మొగ్గేవారు లెక్క తిరగేసి చూడాలి.

కాగితాల దగ్గర అమ్మేవారికే ఎక్కువ భయం ఉండాలి. ఖాళీ 29, 30 ఫారాల మీద సంతకం చేసి తాళాలు ఇచ్చేయడం, బండి నలుగురి చేతులు మారినా పేరు మారకపోవడం ఈ బజారు పాత జబ్బు. అదే రాష్ట్రంలో అయితే అమ్మిన 14 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. పేరు మారకుండా ప్రమాదం జరిగితే రికార్డులో ఉన్న యజమానిదే బాధ్యత అని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాల వ్యాపారులు రవాణా శాఖ అధికార పత్రం తీసుకోవాలి. అటువంటివారికి బండి అప్పగించినట్టు 29సి ఫారం ద్వారా తెలిపితే అప్పటి నుంచి వ్యాపారినే యజమానిగా భావిస్తారు. దలాళ్లు చాలామంది ఈ ఫారం ఊసెత్తరు. కొనేవారు బ్యాంకు ఎన్‌ఓసీ, 35వ ఫారం, పెండింగు చలాన్లు చూసుకోవాలి. బీమాలో నో క్లెయిమ్ బోనసు మనిషిదే గాని బండిది కాదు, పేరు మార్చినప్పుడు ఆ తేడా కట్టించుకుంటారు.

గుమాస్తా చివరకు రాజేంద్రనగర్‌లో ఒక ఇంటివారి దగ్గర 2016 నాటి పెట్రోలు ఎర్టిగా కొన్నారు. ఒకే యజమాని, టీఎస్ నంబరు, రెండు ఎయిర్‌బ్యాగులు, సర్వీసు పుస్తకం మొదటి నుంచి. అయిదు లక్షల ముప్పై వేలు అడిగితే అయిదు లక్షల పది వేలకు తెగింది. నాలుగు టైర్లు, బ్యాటరీ, బీమా, పేరు మార్పిడి కలుపుకుని ఆరు లక్షల లోపే నిలిచింది. తల్లిని ముందు సీట్లో కూర్చోబెట్టారు. మూడో వరుస పెద్దపిల్లవాడికీ తాతకూ వచ్చింది. 2031లో ఆర్సీ పదిహేనేళ్లు నిండుతుంది, అప్పటికి కొత్తగా పుట్టబోయే బిడ్డ బడికి పోతూ ఉంటుంది.