గుండె దడ, ప్రార్థన, మందుబిళ్ల



"అయ్యగారూ, గుండె దడగా ఉంటోంది, ప్రార్థన చేయండి" అనే మాట వినని కాపరి మన పల్లె సంఘములలో ఉండడు. ఆదివారపు ఆరాధన ముగిసి మందిరపు మెట్లు దిగుతుండగా ఎవరో ఒకరు ఈ మాట చెబుతూనే ఉంటారు. చాలామందికి ఆ దడ భయము వలననో, ఒంట్లో రక్తము తక్కువగుట వలననో, నిద్ర లేకపోవుట వలననో, టీలు మితిమీరి త్రాగుట వలననో వస్తుంది. కారణము పోగానే దడ కూడా పోతుంది. కొందరిలో మాత్రము గుండె కొట్టుకొనే లయయే తప్పిపోతుంది. వారిని గురించి, వారు వాడవలసిన మందులను గురించి, ఆ మందులకూ మన విశ్వాసమునకూ నడుమ మనమే పెట్టుకొన్న తగవును గురించి ఈ నెల వ్రాయదలచాను. నేను వైద్యుడను కాను. వైద్యుల వద్ద అడిగి తెలిసికొన్నది, సంఘ దర్శనములో ఇండ్లలో చూచినది కలిపి చెబుతున్నాను.

మన గుండెకు పైన రెండు గదులు, క్రింద రెండు గదులు ఉన్నాయి. కుడివైపు పై గదిలో ఒక చిన్న కేంద్రము ఉన్నది. కూటములో కీర్తన ఎత్తి తాళము వేయించే పెద్దవలె అది ఎప్పటికప్పుడు సైగ ఇస్తుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఆ తాళము నిమిషమునకు 60 నుండి 100 వరకు ఉంటుంది. పై గదులలో నలుమూలల నుండి ఎవరికి వారే తాళము వేయ మొదలుపెడితే పాట ఏమగును? అక్కడ జరిగేది అదే. నిమిషమునకు 350 సార్లకు మించి ఆ గదులు వణకుతాయి, సరిగా ముడుచుకొనవు. క్రింది గదులకు సైగలు అడ్డదిడ్డముగా అందుతాయి. దీనిని వైద్యులు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. చీటీ మీద పొట్టిగా "ఏ.ఎఫ్." అని వ్రాస్తారు.

దడ ఒక్కటే అయితే ఓర్చుకొని ఉండవచ్చును. అసలు ప్రమాదము మరొకటి. వణకే గదిలో రక్తము కదలక నిలిచిపోతుంది. నిలిచిన రక్తము గడ్డ కడుతుంది. ఆ గడ్డ ఒకనాడు కదలి మెదడులోని రక్తనాళమునకు అడ్డుపడితే పక్షవాతము. ఏ.ఎఫ్. లేనివారి కంటే ఉన్నవారికి ఈ ప్రమాదము సుమారు 5 రెట్లు ఎక్కువ. చిన్నతనమున వచ్చిన కీళ్ల జ్వరము వలన గుండె కవాటము సన్నబడిన వారికి ఇంకా ఎక్కువ. ధనిక దేశములలో ఏ.ఎఫ్. ఎక్కువగా ముసలితనములో కనబడే జబ్బు. మన దేశములో కీళ్ల జ్వరము వలన ముప్పది, నలుబది ఏండ్ల కూలి తల్లులలో కూడ కనబడుచున్నది.

ఇంటిలోనే నాడి చూచుకొనవచ్చును. బొటనవ్రేలి క్రింద మణికట్టు దగ్గర రెండు వ్రేళ్లు ఆనించి, గడియారము చూస్తూ పూర్తిగా ఒక నిమిషము లెక్కపెట్టండి. అప్పుడప్పుడు ఒక దెబ్బ తప్పితే కంగారు పడనక్కరలేదు. ఏ రెండు దెబ్బల నడుమా ఎడము సమముగా లేకపోతే మాత్రము ఈ.సి.జి. తీయించుకొనవలెను. అది కాగితము మీద వచ్చే సాక్ష్యము. దయ్యమనీ, గాలి సోకినదనీ, దాచుకొన్న పాపము వలన గుండె కొట్టుకొనుచున్నదనీ అనేవారి మాట అంతకు ముందు వినవద్దు. బైబిలులో హృదయమని ఉన్న ప్రతి చోట ఈ కండరపు గుండెను చదువుకొనుట వలన ఎంతమంది అమాయకులు నలిగిపోయారో.

మందులు ముఖ్యముగా రెండు రకములు. మెటోప్రొలాల్, డిగాక్సిన్ వంటివి గుండె వేగమును తగ్గిస్తాయి. డిగాక్సిన్ ఒక పూల మొక్క ఆకుల నుండి వచ్చిన మందు. 1785లో విలియం విథరింగ్ అనే ఆంగ్ల వైద్యుడు ఆ ఆకును గురించి గ్రంథము వ్రాశాడు. రెండవ రకము రక్తము గడ్డ కట్టకుండ చూచే మందు, జనము "రక్తము పలుచన చేసే బిళ్ల" అనేది. ఈ రెండు రకములూ చేసే పనులు వేరు. మొదటి దానితో దడ తగ్గుతుంది, మనిషికి తెలుస్తుంది. రెండవది చేసే మేలు మనిషికి తెలియదు. జరుగకపోయిన పక్షవాతమును ఎవరు చూస్తారు? అందుచేత జనము మొదట మానివేసేది ఈ బిళ్లనే.

మాకు దగ్గరలోని ఒక గ్రామములో నలుబది ఏండ్లు నిండని సహోదరి ఒకరు ఈ బిళ్ల వాడుతూ పొలము పనులకు వెళ్లుచుండెను. ఆ ప్రాంతములో మూడు రాత్రులు స్వస్థత కూటములు జరిగినవి. చివరి రాత్రి ప్రసంగీకుడు, విశ్వాసమున్నవారు మందులు తెచ్చి వేదిక మీద పెట్టి వెళ్లండి అన్నాడు. ఆమె పెట్టి వచ్చింది. దడ కూడ లేదు. ఇంటివారు స్తుతి కూడిక పెట్టించారు. మూడవ వారములో వరికోత దగ్గర కొడవలి చేతి నుండి జారిపోయింది, మూతి ఒక ప్రక్కకు పోయింది. ప్రాణము దక్కినది గాని మాట పోయింది. ఆశ్చర్యమేమనగా, కూటములో చిన్ననాటి నుండి వచ్చిన కీర్తన ఎత్తితే ఆమె మాటలతో సహా పాడగలదు. ఇంటికి వెళ్లి మంచినీళ్లు అడుగలేదు. మెదడులో మాటకు ఒక చోటు, పాటకు మరొక చోటు ఉండుట వలన ఇట్లు జరుగునని వైద్యులు చెప్పారు.

ఆ ప్రసంగీకుడు మరుసటి వారమే మరొక ఊరిలో ఉన్నాడు. ఆ భర్త మాత్రము ప్రతి దినము ఆమెకు తల దువ్వుచున్నాడు.

దేవుడు స్వస్థపరచడని నేను చెప్పుట లేదు. చేయి ఉంచి ప్రార్థించుట నా పని, అది మానను. ప్రభువు కుష్ఠరోగిని బాగుచేసిన తరువాత ఏమి చేశాడో చూడండి. యాజకుని యొద్దకు పంపించాడు. ఆ కాలమున రోగము పోయినదా లేదా అని పరీక్షించి చెప్పే అధికారము యాజకునిదే. నిజముగా బాగుపడినవానికి పరీక్ష అంటే భయమెందుకు? ఈ దినములలో ఆ పరీక్ష ఈ.సి.జి., ఎకో. అవి చూచి వైద్యుడు బిళ్ల ఆపమంటే ఆపండి, సాక్ష్యము కూడ చెప్పండి. హిజ్కియా ప్రార్థన ఆలకింపబడిన తరువాతనే యెషయా అత్తిపండ్ల ముద్దను పుండు మీద వేయించాడు. తిమోతి కడుపు జబ్బుకు పౌలు ఉపాయము వ్రాశాడు. త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి వచ్చినట్లు కూడ వ్రాశాడు. త్రోఫిమునకు విశ్వాసము చాలలేదని పౌలు ఎక్కడా నిందింపలేదు.

ఇక ఆ బిళ్ల సంగతి. వార్ఫారిన్, అసిట్రోమ్ అనేవి మన వైపు ఎక్కువగా వ్రాసేవి. అట్టల మీద 1, 2, 3, 4 మిల్లీగ్రాములని అంకె మారుతూ ఉంటుంది. పేరు ఒకటే గదా అని అంకె చూడకుండ కొనరాదు. ఇది ఎక్కువైతే రక్తము కారుతుంది, తక్కువైతే గడ్డ కడుతుంది. అందుకే ఐ.ఎన్.ఆర్. అనే రక్త పరీక్ష. సాధారణముగా ఆ అంకె 2కు 3కు మధ్య ఉండవలెను. లోహపు కవాటము వేసినవారికి ఇంకొంచెము ఎక్కువ ఉండవచ్చును, అది వైద్యుడు చెబుతాడు. కూలి మానుకొని, బస్సు ఎక్కి, పట్టణము పోయి వచ్చే ఈ పరీక్షయే పేదలకు పెద్ద భారము. పరీక్ష అక్కరలేని క్రొత్త మందులు వచ్చాయి గదా అని చదువుకొన్న పిల్లలు అడుగుతారు. వచ్చాయి, అనేకులకు మంచివే. కాని కీళ్ల జ్వరము వలన కవాటము సన్నబడినవారికీ, లోహపు కవాటము ఉన్నవారికీ పాత బిళ్లయే తగినది. 2022లో వెలువడిన ఇన్విక్టస్ అనే పరిశోధనలో కీళ్ల జ్వరపు గుండె జబ్బుతో ఏ.ఎఫ్. ఉన్న 4,500 మందికి పైగా రోగులను చూచారు. క్రొత్త మందు వాడినవారి కంటే పాత మందు వాడినవారిలో మరణములు తక్కువ. చవకైన మందు గెలిచింది, పేదలకు ఇది శుభవార్తయే.

ఆకుకూరలు మానాలా అని తల్లులు అడుగుతారు. మాననక్కరలేదు. తోటకూర, పాలకూర, మునగాకులలో ఉండే విటమిన్ కె ఈ మందు బలమును తగ్గిస్తుంది. కాబట్టి వారమునకు ఎంత తినే అలవాటో ఎప్పుడూ అంతే తినండి. వానలు పడి కూర విరివిగా దొరికినప్పుడు రోజూ తిని, ఎండలలో బొత్తిగా మానితే ఐ.ఎన్.ఆర్. ఊగిసలాడుతుంది. ఉపవాస ప్రార్థనల దినములలోను ఇదే చిక్కు. భోజనము మానినా బిళ్ల మానరాదు. ఎక్కువ దినములు ఉపవాసము ఉండదలచినవారు ముందే వైద్యుని అడగవలెను. ఒళ్లు నొప్పులని ఊరి ఆర్.ఎం.పి. వద్ద డైక్లోఫెనాక్, బ్రూఫెన్ మ్రింగితే కడుపులో రక్తస్రావము కావచ్చును. సూది వేయబోతే "నేను రక్తము పలుచన బిళ్ల వాడుతున్నాను" అని ముందుగా చెప్పండి, కండలో రక్తము గడ్డకట్టి కాయవలె పొంగవచ్చును. మలము నల్లగా వచ్చినా, మూత్రము ఎర్రగా వచ్చినా, చిగుళ్ల రక్తము ఆగకపోయినా, తలకు దెబ్బ తగిలినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మూతి వంకర, చేయి పడిపోవుట, మాట తడబడుట కనిపిస్తే 108కి ఫోను చేయండి, తెల్లవారనివ్వకండి. గడ్డ కరిగించే మందు మొదటి నాలుగున్నర గంటలలోనే ఇస్తారు. ఎవరికి ఇవ్వవచ్చునో వారు చూచుకొంటారు.

ఒక పూట బిళ్ల మరచితే మరునాడు రెండు వేసికొనరాదు. రాత్రి కుటుంబ ప్రార్థన సమయమే దీనికి మంచి సమయము. బిళ్లల డబ్బా బైబిలు ప్రక్కనే పెట్టండి. చిన్న మనుమరాలికి గుర్తుచేసే పని అప్పగిస్తే తప్పదు.

పెండ్లిండ్ల విషయములో పెద్దలతో కొంచెము కటువుగా మాట్లాడవలసియున్నది. అమ్మాయికి గుండె కవాటపు జబ్బు ఉన్న సంగతి దాచి సంబంధము కలుపుతున్నారు. అత్తగారింట ఆ పిల్ల బిళ్లలు బియ్యపు డబ్బాలో దాచుకొని దొంగతనముగా మ్రింగవలసి వస్తుంది, తుదకు మానివేస్తుంది. గర్భము వస్తే ఒంట్లో రక్తము సుమారు సగము మేర పెరుగుతుంది, సన్నబడిన కవాటము ఆ ప్రవాహమును తట్టుకొనలేదు. అంతేగాక వార్ఫారిన్ వంటి బిళ్ల తొలి నెలలలో కడుపులోని శిశువునకు హాని చేయవచ్చును. అట్లని తనంతట తాను మానితే తల్లి ప్రాణమునకే ముప్పు. గర్భమునకు ముందే గుండె వైద్యునికీ, కాన్పుల వైద్యురాలికీ చెబితే మందు మార్చుట, కవాటమును బెలూనుతో వెడల్పు చేయుట వంటి మార్గములు ఉన్నాయి. వివాహ ప్రకటన చదువక ముందు ఇరువైపుల వారినీ కూర్చుండబెట్టి ఈ సంగతి మాట్లాడించుట కాపరులు చేయదగిన పని. సంబంధము తప్పిపోతే పోనివ్వండి.

గుండె మరీ నెమ్మదిగా కొట్టుకొనేవారికి పేస్‌మేకరు అమర్చుతారు. అగ్గిపెట్టె అంత యంత్రము, గొంతు ఎముక క్రింద చర్మము లోపల ఉంటుంది. బ్యాటరీ చాలా ఏండ్లు పనిచేస్తుంది. ఆరోగ్యశ్రీ పథకము 2007లో మొదలైన తరువాత పేదలకు కూడ ఇది అందుబాటులోనికి వచ్చింది. గాయము మానిన పిమ్మట పొలము పనికి పోవచ్చును. సెల్‌ఫోను ఆ ప్రక్క చొక్కా జేబులో పెట్టరాదు. మన కూటములలోని పెద్ద సౌండు బాక్సులలో అయస్కాంతములుంటాయి గనుక వాటికి ఆనుకొని కూర్చుండరాదు. ఈ సాకుతోనైనా మైకు ధ్వని కొంచెము తగ్గిస్తే చెవులున్న వారందరూ సంతోషిస్తారు.

సండే స్కూలు టీచర్లకు ఒక మాట. 5 నుండి 15 ఏండ్ల పిల్లలలో గొంతు నొప్పి తగ్గిన కొన్ని వారములకు జ్వరముతో, మోకాలు, చీలమండ, మోచేయి ఒకదాని తరువాత ఒకటి వాచి నొప్పి పెడితే అది కీళ్ల జ్వరము కావచ్చును. ఆ పిల్లలకు 3 లేక 4 వారములకొకసారి పెన్సిలిన్ సూది ఏండ్ల తరబడి వేయవలెను. నొప్పికి భయపడి పిల్లలు, పనులు మానలేక తల్లిదండ్రులు దానిని వదలివేస్తారు. హాజరు పట్టీలో ఆ పిల్ల పేరు ఎదుట తరువాతి సూది తేదీ వ్రాసి ఉంచండి. ఆ ఆదివారము ఇంటివారిని అడగండి. తోడు లేకపోతే స్త్రీల సమాజము నుండి ఒకరు వెంట వెళ్లండి, బస్సు చార్జీలు కానుకల పెట్టె నుండి ఇవ్వవచ్చును.