ఎయోస్త్రె దేవత ఉనికి: బీడ్ సాక్ష్యంపై ఒక విచారణ

ఆంగ్లో-సాక్సన్ జాతులు క్రైస్తవాన్ని స్వీకరించక ముందు కొలిచిన దేవతలను గురించి ఆ భక్తులే రాసుకున్న గ్రంథం ఒక్కటీ లేదు. లభిస్తున్న లిఖిత సమాచారంలో అధికభాగం ఆ మతాన్ని నిరసించినవారి కలం నుంచి వచ్చినదే. ఎయోస్త్రె విషయంలో ఈ చిక్కు మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

నార్తంబ్రియాకు చెందిన క్రైస్తవ సన్యాసి బీడ్ 725లో కాలగణనపై లాటిన్‌లో ఒక గ్రంథం రచించాడు. దాని 15వ అధ్యాయంలో ఆంగ్లేయుల ప్రాచీన మాసనామాలను వివరిస్తూ, మార్చికి హ్రేథ, ఏప్రిల్‌కు ఎయోస్త్రె అనే దేవతల పేర్లు ఉండేవన్నాడు. నవంబరు 'బ్లోత్‌మోనథ్', అంటే బలిమాసం; వధించబోయే పశువులను ఆ నెలలో దేవతలకు అర్పించేవారు. క్రిస్మస్ రాత్రిని పూర్వులు 'మోద్రనిఖ్త్', అంటే మాతృరాత్రి అనేవారు. ఈ పేరుకు కారణం తన ఊహ మాత్రమేనని బీడ్ స్వయంగా చెప్పుకున్నాడు. ఎయోస్త్రె విషయంలో అటువంటి సందేహమేదీ వ్యక్తం చేయలేదు. ఈ తేడాను విమర్శకులు తగినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం.

ఆ విమర్శకుల వాదం తేలికైనదేమీ కాదు. బీడ్‌కు ముందు మరే రచనలోనూ ఈ దేవత పేరు కనిపించదు. నార్తంబ్రియా రాజు ఎడ్విన్ 627లోనే బాప్తిస్మం పొందాడు. కాబట్టి బీడ్ మాసనామం నుంచి దేవతను ఊహించి ఉండవచ్చునని వారంటారు. 1835లో యాకోబ్ గ్రిమ్ జర్మన్ మాసనామం ఆధారంగా 'ఓస్తారా' అనే దేవతను పునర్నిర్మించడం ఊహపై కట్టిన మరో ఊహ. అయితే తన మతపు అత్యున్నత పర్వం పేరును ఒక క్రైస్తవ సన్యాసి లేని దేవతకు ఎందుకు అంటగడతాడు?

1958లో జర్మనీలోని మోర్కెన్-హార్ఫ్ వద్ద రోమన్ కాలపు మొక్కుబడి శాసనాలు 150కి పైగా బయల్పడ్డాయి. అవి 'మాత్రోనే ఆస్ట్రియాహెనే' అనే మాతృదేవతలకు అంకితమైనవి. ఈ పేరులోనూ ఎయోస్త్రెలోనూ 'తూర్పు' అనే అర్థమున్న ధాతువే ఉంది. వీటి ఆధారంగా ఫిలిప్ షా 2011లో, ఎయోస్త్రె ఒక ప్రాంతపు ప్రజల స్థానిక దేవత అయి ఉండవచ్చునని ప్రతిపాదించాడు. సంస్కృత 'ఉషస్' శబ్దానికీ ఈ నామానికీ బంధుత్వం ఉందని భాషావేత్తలు చెబుతారు. శబ్దబంధుత్వం ఆరాధనా సామ్యానికి రుజువు కాదు.

నేడు ఈ దేవతకు ముడిపెట్టే కుందేళ్లు, గుడ్లు బీడ్ రచనలో లేవు. ఏప్రిల్‌లో ఆమె పేరిట ఉత్సవాలు జరిగేవని మాత్రమే అతడు చెప్పాడు. ఆ ఉత్సవాల విధానాన్ని వర్ణించలేదు.